చెప్పులు లేని బడి

మా గుండ్లమడుగు మున్సిపాలిటీకి భవనాలు ఎక్కువైపోయాయన్న సంగతి ఆటో మైకు చెప్పేదాకా మాకు తెలియదు. కుళాయిలో నీళ్లు తక్కువని తెలుసు, వీధిలో దీపాలు తక్కువని తెలుసు, చెత్తబండి ఎప్పుడో గానీ రాదని తెలుసు. భవనాలు మాత్రం ఎక్కువట.

"పుర ప్రజలకు విజ్ఞప్తి. నేటి నుండి మిగులు భవనముల పక్షోత్సవము అత్యంత వైభవముగా నిర్వహించబడుచున్నది. వినియోగములో లేని ప్రజా భవనములను గుర్తించి, వేలము ద్వారా వాటికి విముక్తి కలిగించబడును. కావున ప్రజలెల్లరు ఉత్సాహముగా పాల్గొని జయప్రదము చేయవలసినదిగా కోరడమైనది."

వెనకాల సన్నాయి కూడా పెట్టారు. నేను కుట్టుమిషను ఆపి మా ఇంటి పైకప్పు వంక చూశాను.

"మనది అద్దె కొంప," అన్నాడు మా ఆయన అంకమ్మరావు, అన్నం కలుపుకుంటూ. ఆయన సిమెంటు కొట్టులో గుమస్తా. ఏ వార్తయినా ఆయనకు రెండో ముద్ద తర్వాతే ఎక్కుతుంది. "మనల్ని ఎల్లగొట్టాలంటే ఓనరే ఎల్లగొట్టాల. మున్సిపాలిటీకి ఆ భాగ్యం లేదు."

దాంతో ఒక భయం పోయి, ఆ ఖాళీలోకి ఇంకో భయం వచ్చి కూర్చుంది. మా వీధి చివరున్న మున్సిపల్ ప్రాథమిక పాఠశాల ప్రజా భవనమే కదా. మా లాస్య అక్కడ మూడో తరగతి. నేను గుమ్మంలో నిలబడితే దాని జడకు కట్టిన ఎర్ర రిబ్బను బడి గేటు దాటేవరకు కనపడుతుంది. ఆ బడి పోతే తర్వాతి బడి బైపాసు అవతల. బైపాసు మీద గ్రానైటు బండల లారీలు పోతాయి. ఆ బండలకు తాళ్లు కట్టరు. కట్టినా ముడి సరిగ్గా వెయ్యరు. వేసినా ఆ తాడు పాతదై ఉంటుంది. నేను ఆ రోడ్డు మీదికి వెళ్లింది తక్కువే గానీ, ఇంట్లో కూర్చుని ఆ లారీలు బోల్తా పడడం చాలాసార్లు చూశాను.

"బడినేం చెయ్యరులే, పిల్లలున్నారుగా," అన్నాడు మా ఆయన.

పిల్లలున్నంత మాత్రాన చాలదని మర్నాడే తెలిసింది.

నేను లాస్య మర్చిపోయిన నీళ్ల సీసా తీసుకుని బడి గేటు దగ్గరికి వెళ్లేసరికి వరండా మెట్ల కింద ఒకాయన నిలబడి గడప వంక తదేకంగా చూస్తున్నాడు. చేతిలో పలక లాంటి ట్యాబు. మెడలో గుర్తింపు కార్డు. ఆయన పేరు భుజంగరావు గారు, మిగులు భవనాల విభాగం పర్యవేక్షణాధికారి. ఆ విభాగం కిందటి వారమే పుట్టింది. ఆయన పక్కన ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఒక పెయింటరు.

లోపల పిల్లలు గొంతులు చించుకుని ఏడో ఎక్కం చెబుతున్నారు.

"శూన్యము," అన్నాడు భుజంగరావు గారు, ట్యాబు మీద వేలు పెట్టి. "ఈ భవనము శూన్య వినియోగములో ఉన్నట్లు ప్రాథమికముగా ధ్రువపడినది."

సువార్త టీచరు సుద్దముక్కతోనే బయటికి వచ్చింది. ఆమె ఈ బడికి హెడ్మిస్ట్రెస్సు, ఇంకెవరూ లేరు గనుక మిగతా అందరూ కూడా ఆమే.

"శూన్యమేందండి సార్? లోపల అరవై మంది అరుస్తుంటే వినపడట్లా?"

"శబ్దము ప్రామాణికము కాదమ్మా. రేడియో కూడా శబ్దము చేయును. గడప వెలుపల ఎన్ని జతల పాదరక్షలున్నవో లోపల అంతమంది వినియోగదారులున్నట్లు లెక్క. దీనిని పాదరక్షల ఆధారిత వినియోగ గణన విధానము అందురు."

"లోపలికొచ్చి చూస్తే అయిపోద్దిగా సార్."

భుజంగరావు గారు తన బూట్ల వంక చూసుకున్నాడు. నల్లటి లేసుల బూట్లు, రెండేసి ముళ్లు. "లోపలికి వచ్చుటకు బూట్లు విప్పవలెను. విప్పినచో మరల కట్టవలెను. ప్రతి భవనము వద్ద లేసులు విప్పి కట్టుటలో విలువైన ప్రభుత్వ సమయము వ్యర్థమగుచున్నదని గుర్తించియే ఈ విధానమును రూపొందించడమైనది."

"బయట పెడితే కుక్క ఎత్తుకుపోద్ది సార్. అందుకే చెప్పులన్నీ బెంచీల కింద పెట్టిస్తన్నా."

"కుక్క మా పరిధిలోకి రాదు. పారిశుద్ధ్య విభాగము."

నేను గేటు దగ్గర్నుంచే అన్నాను, "లోపల మా అమ్మాయి ఉందండీ. దాని నీళ్ల సీసా ఇదిగో."

ఆయన నా కాళ్ల వంక చూశాడు. "మీ పాదరక్షలు మీ పాదములకే ఉన్నవి. అనగా మీరు సైతము లోపల లేరు."

"లేనండీ. గేటు దగ్గరున్నాను."

"అదియే నమోదు చేయడమైనది."

పెయింటరు బడి గోడ మీద ఎర్ర రంగుతో 'మి' అని రాశాడు. మిగులు అని అర్థం. పక్షం ముగిసేలోగా ఇంకోసారి గణన ఉంటుందనీ, అప్పటికీ శూన్యమే వస్తే వేలమనీ చెప్పి వెళ్లిపోయారు. లోపల పిల్లలు ఎక్కం పూర్తిచేసి, టీచరు లేదని తెలిసి మళ్లీ మొదటికి వచ్చారు.

ఆ వారం ఊరంతా ఎర్రబడింది. బస్టాండులో ప్రయాణికుల షెడ్డు ముందు ఎవరూ చెప్పులు విడవరు, అదీ మిగులే. మరుగుదొడ్లలోకి జనం చెప్పులతోనే పోతారు, అవీ మిగులే. అక్కడ ఒక తలుపు లోపల గడియ పెట్టి ఉంటే భుజంగరావు గారు దాన్ని 'తుప్పుపట్టినది' అని రాసుకున్నాడట. లోపలున్నాయన దగ్గాడు గానీ శబ్దం ప్రామాణికం కాదు కదా.

ఒక్క చోట మాత్రం ట్యాబు పచ్చగా వెలిగింది. గడియార స్తంభం దగ్గర దేవసహాయం చెప్పులు కుడతాడు. నాలుగు కర్రల మీద ఒక టార్పాలిన్, దాని ముందు తెగినవీ, అరిగినవీ, జనం ఇచ్చి మర్చిపోయినవీ గుట్టగా చెప్పులు. భుజంగరావు గారు వాటిని లెక్కపెట్టి లెక్కపెట్టి, ఊళ్లో అత్యధిక వినియోగం గల ప్రజా భవనం ఇదేనని ప్రకటించాడు. కమిషనర్ గారు స్వయంగా వచ్చి దేవసహాయానికి శాలువా కప్పారు.

"ఇంతమందికి లోపల చోటెట్లు సరిపోవుచున్నది?" అని అడిగారు.

"లోపలంటూ ఏం లేదు సార్. ఇది టార్పాలిన్," అన్నాడు దేవసహాయం.

"వినయము," అన్నారు కమిషనర్ గారు, అందరి వైపూ తిరిగి. అక్కడికక్కడే ప్రహరీ గోడ, ర్యాంపు, నామఫలకం మంజూరు చేశారు. అవి నాలుగు రోజుల్లో లేచాయి కూడా. మా బడికి ప్రహరీ కావాలని సువార్త టీచరు ఎన్నేళ్లుగా అడుగుతోందో ఆమెకే గుర్తులేదు.

బడి తల్లులందరం గడియార స్తంభం ఎదురుగా ఉండే మస్తాన్‌బీ ఇడ్లీ బండి దగ్గర చేరాం. మస్తాన్‌బీ మనవడు ఒకటో తరగతి. ఆమె ఏ సమస్యనైనా మూత తీసి ఆవిరి పోయేవరకు చూసి అప్పుడు మాట్లాడుతుంది.

"ఆయనగారికి కావలసింది చెప్పులేగా. పెడదాం," అంది. "పిల్లల చెప్పులు బయట పెట్టించమని టీచరమ్మకు చెబుదాం. ఆ కర్రోడి సంగతి నేను చూసుకుంటా. నాలుగిడ్లీలు పడేస్తే మజ్జానందాకా లేవడు."

కర్రోడంటే ఆ కుక్క. నల్లగా ఉంటుంది. మా వీధిలో కుడికాలి చెప్పు పోయిన ప్రతివాళ్లకూ దాన్ని తెలుసు.

అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. అరవై మంది పిల్లలు, అరవై జతలు. కానీ ఆ పూట నాకు కుట్టుమిషను మీద చెయ్యి సాగలేదు. ఆ రోజు కొందరు పిల్లలు బడికి రాకపోతే? జ్వరాల కాలం. కర్రోడు ఇడ్లీ తిని కూడా ఊరుకోకపోతే? ఆయన జతను ఒకటిగా కాకుండా సగంగా లెక్కపెడితే? పిల్లల చెప్పులు చిన్నవి, కంటికి ఆనకపోతే? అందుకని ఇంటింటికీ తిరిగాను. అటక మీదివి, మంచం కిందివి, పెళ్లినాడు కొని మళ్లీ తొడగనివి, పోయిన పెద్దాయనవని దాచుకున్నవి, అన్నీ గోనెసంచుల్లో మోసుకొచ్చి వరండా అంతా పరిచాను.

"నా చెప్పులేయి?" అన్నాడు మా ఆయన పొద్దున్నే.

"బడికెళ్లినయ్."

"సంతోషం. నేనెటూ ఎల్లలా, అయ్యన్నా ఎల్లినయ్," అని ఆయన ఉత్త కాళ్లతో కొట్టుకు పోయాడు.

భుజంగరావు గారు వచ్చారు. మెట్ల కింద నిలబడి లెక్క మొదలుపెట్టారు. లెక్కపెడుతూ వరండా ఆ చివరి దాకా పోయారు, మూల తిరిగారు, బడి వెనక్కి పోయారు. తిరిగి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ట్యాబు ఎర్రగా అయి చిన్నగా కూస్తోంది.

"అతి వినియోగము," అన్నారు, రెండడుగులు వెనక్కి వేసి. "అరవై మందికి ఉద్దేశించిన భవనములో వందలాది వినియోగదారులు. ఏ క్షణమునైనను కూలవచ్చును. తక్షణము ఖాళీ చేయించవలెను."

"ఖాళీ చేయిస్తే?" అంది సువార్త టీచరు.

"ఖాళీ భవనము మిగులు భవనమగును. సోమవారము వేలము."

"సార్, ఇయ్యి ఊళ్లోవాళ్ల చెప్పులండి. పిల్లలు అరవై మందే."

"చెప్పులున్నవి గానీ మనుషులు లేరందురా? అటులైన అది తప్పుడు పాదరక్షల సమర్పణ. దానికి వేరే సెక్షను గలదు."

సువార్త టీచరు నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. గోడ మీద 'మి' పక్కన పెయింటరు ఇంకో 'మి' రాస్తున్నాడు.

"కాసిని తగ్గించి పెట్టాల్సింది శేషా," అంది మస్తాన్‌బీ, తర్వాత, మెల్లగా.

శనివారం కూల్‌డ్రింకుల గోడౌను ఓనరు టేపు తెచ్చుకుని బడి గదులు కొలిచాడు. ఎక్కడ ఏ పెట్టెలు దొంతర పెట్టాలో గోడల మీద సుద్దతో గీసుకున్నాడు. మంచివాడే, పిల్లలందరికీ తలా ఒక సీసా ఇచ్చాడు.

"అమ్మా, ఆయన మాకు కొత్త సారా?" అంది లాస్య ఇంటికి వచ్చి. "మా గది చాలా బాగుందన్నాడు."

ఆ రోజు సాయంత్రం దాన్ని తీసుకుని బైపాసు దాకా వెళ్లాను, దాటడం నేర్పుదామని. కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, మళ్లీ కుడివైపు చూడాలి. మేం కుడి, ఎడమ చూస్తూ దీపాలు పెట్టేవేళ దాకా అక్కడే నిలబడ్డాం. ఒక్కసారి కూడా దాటలేదు.

"నాకొచ్చేసిందమ్మా," అంది లాస్య. "ఎటు చూసినా లారీనే."

సోమవారం మున్సిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. వేలం పదకొండింటికని తెలిసి, అంతకుముందే కమిషనర్ గారి కాళ్లయినా పట్టుకుందామని నేనూ మస్తాన్‌బీ బయల్దేరాం. దారి పొడుగునా ఆయన ఏమంటారో, నేనేమనాలో, ఆ తర్వాత పోలీసులు వచ్చి ఏమంటారో అనుకుంటూ నడిచాను.

ఆఫీసు నిశ్శబ్దంగా ఉంది. మెట్ల పక్కన బంట్రోతు బల్ల ఉంది, బంట్రోతు లేడు. కిటికీలోంచి చూస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద కుర్చీలున్నాయి, కుర్చీల్లో ఎవరూ లేరు. నిబంధన ప్రకారం వేలం ఆ భవనం ముందే జరగాలట, సిబ్బంది అంతా సాక్షులుగా ఉండాలట. అందరూ మా బడి ముందుకే పోయారు.

ఒక్క జీపు మాత్రం ఆగి ఉంది. దాని పక్కన ఒకాయన, చేతిలో ట్యాబు, కాళ్లకు లేసుల బూట్లు. వెనకాల రంగు డబ్బాతో పెయింటరు. ఒక్క క్షణం భుజంగరావు గారే అనుకున్నాను. కాదు. జిల్లా నుంచి వచ్చిన తనిఖీ బృందం. మున్సిపాలిటీ మిగులు భవనాలను సరిగ్గా గుర్తిస్తోందో లేదో చూడడానికి వచ్చారట.

"మీరు ఈ కార్యాలయ వినియోగదారులా?" అన్నాడు జిల్లా అధికారి.

"అర్జీ ఇద్దామని వచ్చామండీ."

"మంచిది. లోపలికి దయచేయండి. గణన చేసుకుందును."

నేను అలవాటు చొప్పున మెట్టు కింద చెప్పు విడవబోయాను. సర్కారు ఆఫీసులో చెప్పులతో అడుగుపెట్టడం నా జన్మలో లేదు. మా నాన్న కరెంటాఫీసు ముందు కూడా విడిచేవాడు. జుర్మానా వేస్తారేమోనని ఆయన భయం. జుర్మానాతో పోతుందా అని నా భయం.

మస్తాన్‌బీ నా మోచెయ్యి పట్టుకుంది. నా పాదం వంక చూసింది, ఖాళీ మెట్ల వంక చూసింది, జిల్లా అధికారి ట్యాబు వంక చూసింది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చూసే చూపు అది.

నాకు అప్పుడు అర్థమైంది. సగం విడిచిన చెప్పులోకి కాలివేళ్లు మళ్లీ దూర్చాను. ఇద్దరం చెప్పులతోనే మెట్లెక్కాం. అవి పాత రబ్బరు చెప్పులు, ఆ నున్నటి గచ్చు మీద టపటపమని ఊరంతా వినపడేలా మోగాయి. ఎవరో వచ్చి గద్దిస్తారని ప్రతి అడుక్కీ ఆగాను. గద్దించడానికి ఎవరూ లేరు. కమిషనర్ గారి గది దాకా వెళ్లి, ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టి, బల్ల మీద అర్జీ ఉంచి తిరిగి వచ్చాం.

జిల్లా అధికారి గడప బయట అక్కడే నిలబడి ఉన్నాడు.

"శూన్యము," అన్నాడు.

"ఇప్పుడే మేం లోపలికి పోయొచ్చాముగా సార్," అంది మస్తాన్‌బీ, పాపం, ధర్మానికి.

"పాదరక్షలు వెలుపల విడువబడలేదు. కావున మీరు పోలేదు."

ఆఫీసు గోడ మీద 'మి' పడింది. తాళం పడింది. తాళానికి లక్క ముద్ర పడింది.

అక్కడ బడి ముందు వేలం ముగిసింది. గోడౌను ఓనరుకే ఖాయమైంది. ఇక ఉత్తర్వు మీద మున్సిపాలిటీ మొహరు కొట్టాలి. మొహరు ఆఫీసులో ఉంది. ఆఫీసు సీలులో ఉంది. సీలు తియ్యాలంటే కమిషనర్ గారి ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు మీద మొహరు ఉండాలి.

కమిషనర్ గారు చాలాసేపు ఆలోచించి, "సమస్య పరిశీలనలో ఉన్నది," అన్నారు. గోడౌను ఓనరు తన టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. సువార్త టీచరు బెల్లు కొట్టింది. లాస్య వాళ్ల తరగతి గోడ మీద పెట్టెల కోసం గీసిన గళ్లలో ఇప్పుడు ఎక్కాలు రాసుకుంటున్నారు. గళ్లు సమానంగా ఉన్నాయి, పనికొచ్చాయి.

మున్సిపాలిటీకి మాత్రం కూర్చునేందుకు చోటు లేకుండా పోయింది. మిగులు కాని ప్రజా భవనం ఊళ్లో ఒక్కటే ఉంది. అందుకని కమిషనర్ గారు, భుజంగరావు గారు, సిబ్బంది అంతా దేవసహాయం టార్పాలిన్ కిందికి మారారు. జనానికి సుఖంగానే ఉంది. అర్జీ, తెగిన చెప్పు ఒకేచోట ఇవ్వచ్చు. చెప్పు సాయంత్రానికి వస్తుంది.

కిందటి వారం లాస్య చెప్పు పట్టీ తెగితే కుట్టించడానికి వెళ్లాను. ర్యాంపు మొదట్లో భుజంగరావు గారు నిలబడి ఉన్నారు. మనిషి చిక్కిపోయారు. జిల్లా వాళ్లు కొత్త సవరణ పంపారట, మరమ్మతులో ఉన్న చెప్పులు గణనకు రావని, నడిచే చెప్పులే లెక్కని. అంటే ఆ గుట్టంతా ఒక్కపూటలో శూన్యమైపోయింది. జీపు ఆ రోజే వస్తుందని కబురు.

"రండమ్మా, రండి," అన్నారు ఆయన నన్ను చూసి. ఆ గొంతులో అంత ప్రేమ నేనెప్పుడూ వినలేదు. "పాదరక్షలు ఇచ్చట విడిచి లోపలికి దయచేయండి."

"ఇడిచి పోమ్మా శేషమ్మా," అన్నాడు దేవసహాయం, లోపల్నుంచి దారం పంటితో కొరుకుతూ. "పొద్దుట్నుంచీ పాపం ఒక్క జత పడలా."

నేను ఆలోచించాను. భుజంగరావు గారి మంచి చెడ్డలూ ఆలోచించాను, జీపు సంగతీ ఆలోచించాను. లేసుల సంగతీ, లారీల సంగతీ ఆలోచించాను. వంగి నా కాళ్ల చెప్పులు రెండూ తీసి చేత్తో పట్టుకున్నాను.

"బయట పెడితే కుక్క ఎత్తుకుపోద్దేమోనని భయమండీ," అని, వాటిని చంకలో పెట్టుకుని లోపలికి పోయాను.

దేవసహాయం పట్టీ కుడుతుండగా వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు చివర దుమ్ము లేస్తోంది, జీపు కావచ్చు. భుజంగరావు గారు ర్యాంపు మీద చతికిలబడి, తన బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. రెండేసి ముళ్లు కదా, తొందరగా రావడం లేదు.

రోడ్డుకు అవతల, మస్తాన్‌బీ ఇడ్లీ బండి నీడలో, కర్రోడు ముందుకాళ్లు చాపుకుని ఆయన్నే చూస్తున్నాడు.